పదకొండో ఆకు

ఈ దీపావళికి వారం ముందు, ఆదివారం పొద్దున్న, పెరట్లో అరటి పిలకల చుట్టూ కలుపు పీకుతుండగా మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. యాభై దాటిన మనిషి, ఇక్కడ మలేషియాలో బంటింగ్ ఊరి దగ్గర రబ్బరు చేతితొడుగుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, పెళ్ళీడుకు వచ్చిన పిల్లల తండ్రి, అలాంటివాడు వాళ్ళమ్మకు వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించి, "సిన్నమ్మా, నాన్నకి వయసైపోతంది. ఏటి సెయ్యమంటావు?" అని అడిగాడు. కొడుకుకే యాభై దాటితే తండ్రికి వయసు కాకుండా ఎలా ఉంటుందని మీరు నవ్వుకోవచ్చు. కానీ వాడి తండ్రి, అంటే మా బావ, వీడు కడుపులో ఉండగానే ఇంట్లోంచి వెళ్ళిపోయి మళ్ళీ ఎవరి కంటా పడలేదు. ఇప్పుడు వయసైపోతున్నది మావాడి కంప్యూటరులో ఉన్న బావకు.

ఇది మీకు అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. నా ఈడువాళ్ళకు వెనక్కి వెళ్ళడం ఏమంత కష్టం కాదు లెండి, ఈ మోకాళ్ళతో ముందుకు నడవడమే కష్టం.

మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి దిగిన ఎస్టేట్‌లోనే మా నాన్న పుట్టాడు, మేమూ పుట్టాం. ఒకవైపు రబ్బరు తోట, ఒకవైపు అప్పుడప్పుడే నాటిన పామాయిలు, మధ్యలో మేముండే లైన్లు, అంటే ఒకే కప్పు కింద వరసగా కట్టిన కూలీల ఇళ్ళు. ఒక ఇంట్లో పోపు పెడితే నాలుగిళ్ళవాళ్ళు తుమ్మేవారు. లైన్లకు ఎదురుగా ఆటస్థలం, దాన్ని మలయ్ మాటతో పడాంగ్ అనేవాళ్ళం; మాట చివర ఊరికే తగిలించే మలయ్ 'లా' కూడా మా నోళ్ళకు అలాగే అంటింది. ఆ పడాంగ్ అంచునే ఆయా కొట్టం ఉండేది. రబ్బరు చెట్లు గీయడానికి చీకటితో వెళ్ళే తల్లులు పసిపిల్లల్ని అక్కడ వదిలివెళ్ళేవారు. ఎస్టేట్ బడిలో చదువు అయిపోయాక నా మొదటి ఉద్యోగం అక్కడే. సారోంగులతో, అంటే లుంగీ గుడ్డలతో కట్టిన ఉయ్యాలల్ని ఒక చేత్తో ఒకటి, కాలితో ఒకటి ఊపుతూ, కిటికీలోంచి మా మగవాళ్ళ బంతాటంతా చూసేదాన్ని. పెద్దయ్యాక పట్నంలో పిల్లలకు తెలుగు నేర్పించాను, కుట్టు ఫ్యాక్టరీలో పనిచేశాను, కానీ ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ కిటికీయే కనిపిస్తుంది.

మగవాళ్ళు పొద్దున్నే తోటలోకి వెళ్ళి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి, తిని, కాసేపు పడుకుని, ఎండ చల్లబడగానే వట్టి కాళ్ళతో పడాంగ్‌లోకి దిగేవారు. చెప్పిన పని చెయ్యడానికి లేవని ఒళ్ళు బంతి చప్పుడు వినగానే ఎలా లేచేదో నాకెప్పుడూ అర్థం కాలేదు. మా చుట్టుపక్కల ఎస్టేట్‌లన్నీ కలిసి ఏటా కప్పు కోసం పోటీలు పెట్టుకునేవి. కప్పంటే పెద్ద బంగారమేమీ కాదు, దొర ఇచ్చిన రేకు గిన్నెలాంటిది, కానీ ఆ గిన్నె ఏ ఎస్టేట్ ఆఫీసులో ఉంటే ఆ ఎస్టేట్ ఆడవాళ్ళు కూడా బజారులో కొంచెం తల ఎత్తి నడిచేవారు, నేను కూడా.

మా బావ మా ఎస్టేట్‌వాడు కాదు. పేరాక్ రాష్ట్రంలో సుంగై సుమున్ వైపు ఎస్టేట్‌లో పుట్టాడు. బంతి బాగా తన్నుతాడని తెలిసి మా మండోరు, అంటే కూలీల మేస్త్రీ, ఫ్యాక్టరీలో పని ఇప్పిస్తానని పిలిపించుకున్నాడు. అలా బంతి కోసం వచ్చి మా అక్కను పెళ్ళి చేసుకున్నాడు. ఎడమకాలి ఆటగాడు. తలకు కొబ్బరినూనె బాగా పట్టించి, పాపిడి దారం పెట్టి గీసినట్టు తీసి, నవ్వుతూ తిరిగేవాడు. నాతో సరదాగా ఉండేవాడు, నా చేతి టీ తాగి పారబోసినట్టు నటించేవాడు. అందరితో కలిసేవాడు, కానీ సాయంత్రం పూట బస్సు వెళ్ళే రోడ్డు వైపు ముఖం పెట్టుకుని కూర్చునే అలవాటు ఒకటుండేది. అప్పట్లో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, నేనూ గాలి కోసమనుకున్నాను.

గోలు దగ్గర నిలబడేవాడు తరవాత రోజుల్లో నా మొగుడయ్యాడు. పొట్టివాడు. గోలు కాపాడేవాడు పొట్టిగా ఉంటే ఎలా అని నేను ఆయా కొట్టం కిటికీలోంచి ఎగతాళి చేసేదాన్ని, ఆయన కావాలని ఇంకొంచెం ఎత్తు ఎగిరి బురదలో పడేవాడు. మా సంబంధం కుదరడానికి అంతకుమించి కారణం నాకేమీ గుర్తు లేదు.

ఆ ఏడు మావాళ్ళు చివరి ఆట దాకా వచ్చారు. అందరికీ ఒకే రంగు చొక్కాలు ఉండాలని నియమం పెట్టారు. కొనే వీలు లేక, మా లైను వెనక పెద్ద డ్రమ్ములో నీళ్ళు మరిగించి, తెల్ల బనీన్లు పదకొండింటికి మా అక్క, నేను ఎర్ర రంగు వేశాం. అక్కకు అప్పుడు నాలుగో నెల; ఆ రంగు వాసనకు మధ్యమధ్య వెళ్ళి వాంతి చేసుకుని వచ్చి మళ్ళీ కర్రతో తిప్పేది. ఆట రోజున మధ్యలో జల్లు పడింది. మేము వేసిన రంగు నీళ్ళలా కారడం మొదలుపెట్టింది. పదకొండుమందీ మెడ నుంచి మోకాళ్ళ దాకా ఎర్రగా అయిపోతే, గట్టు మీద కూర్చున్న ముసలమ్మలు నెత్తురనుకుని గుండెలు బాదుకున్నారు. ఇప్పటికీ ఆ ఆటంటే నాకు ముందు ఆ ఎరుపే గుర్తొస్తుంది.

చెరొక గోలుతో సమంగా ఉండగా, ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా మాకు పెనాల్టీ దొరికింది. బావ తన్నాడు. బంతి పైకర్రకు తగిలి ఎగిరి వెళ్ళి అవతల మురుగు కాలవలో పడింది. దాన్ని తీసి తెచ్చి మళ్ళీ ఆట మొదలుపెట్టాక అవతలివాళ్ళు గోలు కొట్టి కప్పు పట్టుకుపోయారు. జరిగింది అంతే. బావ అలా నడుం మీద చేతులు పెట్టుకుని పైకర్ర వైపే చూస్తూ నిలబడ్డాడు, రంగు కారుతూనే ఉంది.

తరవాత రెండు మూడు రోజులు కల్లు దుకాణంలో ఏమేమి మాటలు అన్నారో నాకు పూర్తిగా తెలియదు. బయటి నుంచి తెచ్చుకున్నవాడు బయటివాళ్ళనే గెలిపించాడని అన్నారని మా నాన్న అమ్మతో చెప్పగా విన్నాను. సోమవారం పొద్దున్న బావ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, క్లాంగ్ వెళ్ళి ఓడరేవులో పనులేమైనా ఉన్నాయేమో చూసి శనివారానికి వచ్చేస్తానని చెప్పి బస్సెక్కాడు. అక్క రోడ్డు దాకా వెళ్ళింది. మెడ వెనక ఆ ఎర్ర రంగు ఎంత రుద్దినా పోలేదట, తెల్ల చొక్కా కాలరుకు అంటుకుంటుందేమోనని బస్సు కదిలేదాకా అదే ఆలోచిస్తూ ఉన్నానని అక్క తరవాత చెప్పింది. శనివారం వచ్చింది, బావ రాలేదు.

మా నాన్న క్లాంగ్ వెళ్ళాడు, ఓడరేవులో అడిగాడు, సుంగై సుమున్ వెళ్ళి బావవాళ్ళ వాళ్ళను అడిగాడు. పోలీసులకు చెప్పాం. మలయ్ మంత్రగాడి దగ్గరకు వెళ్తే దక్షిణాన ఉన్నాడన్నాడు, మా గుడి స్వామి ఉత్తరాన ఉన్నాడన్నాడు. ఇద్దరూ బతికే ఉన్నాడనడంలో మాత్రం ఒక్కమాట మీద నిలబడ్డారు. అక్కకు అది చాలింది. వీడు పుట్టాడు, పెరిగాడు, మీసాలు వచ్చాయి, తెల్లబడ్డాయి కూడా. అక్క నుదుటి బొట్టు, చేతి గాజులు అలాగే ఉన్నాయి. బంతి ఆ కర్రకు తగలకుండా లోపల పడి ఉంటే మనిషి ఇంట్లోనే ఉండేవాడన్నది ఆమె నమ్మకం. ఎస్టేట్ అంతా కూడా అదే నమ్మింది. నాకు మాత్రం ఎప్పుడూ ఆ బస్సు రోడ్డు వైపు తిరిగి కూర్చున్న వీపు గుర్తొచ్చేది, కానీ ఆ మాట అక్కతో అనడానికి నోరు రాలేదు.

మా ఇద్దరికీ ఏటా ఒకే తగువు. మా ఇళ్ళల్లో దీపావళి ముందురోజు సాయంత్రం పోయినవాళ్ళకు పెట్టుకుంటాం. మీ ఇళ్ళల్లో ఎలాగో గానీ, మా దగ్గర ఒక్కొక్కరికీ ఒక్కొక్క అరటాకు వేసి, వాళ్ళకు ఇష్టమైనవి వండి వడ్డించి, కర్పూరం వెలిగించి, తరవాత ఆ ఆకుల్లోది పెరటి గోడమీద కాకులకు వేస్తాం. అమ్మకు చేపల పులుసు, నాన్నకు వేటమాంసం. మా ఆయన పోయిన దగ్గర నుంచి ఆయన ఆకు పక్కన ఒక నల్ల బీరు సీసా కూడా పెడుతున్నాను. బతికున్నప్పుడు దాని మీద ఎంత పోట్లాడానో, ఇప్పుడు నేనే వెళ్ళి కొనుక్కొస్తున్నాను. ఆ ఆకు ముందు కూర్చుంటే మనసుకు ఒక నెమ్మది. ఏడవవలసింది ఏడ్చి లేవవచ్చు. అందుకే బావకు కూడా ఒక ఆకు వెయ్యవే అని ఎన్నోసార్లు చెప్పాను. ఆకు వేస్తే పోయినట్టే, అది మేమిద్దరం ఎరుగుదుం. అక్క ఒక ఏడు నాతో రెండు నెలలు మాట్లాడలేదు.

ఈలోగా ఎస్టేట్ పోయింది. తోట అమ్మేశారు, లైన్లు పడగొట్టారు, కొందరు క్లాంగ్, కొందరు కౌలాలంపూర్, కొందరు ఎక్కడికో మాకు తెలియదు. పడాంగ్ ఉన్నచోట పెద్ద గిడ్డంగి లేచింది. మిగిలిన స్థలంలో వరస ఇళ్ళు కట్టి మా ఎస్టేట్ పేరే పెట్టారు; ఆ పేరున్న బోర్డు కింద నుంచి మోటారు సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళెవరూ మమ్మల్ని ఎరగరు. ఆ జట్టులో ఆడినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. మా ఆయన చివరివాడు.

అప్పుడు మావాడికి ఈ పిచ్చి పట్టింది. కంప్యూటరు ఆటంటే మీటలు నొక్కి బొమ్మల్ని పరిగెత్తించేదే అనుకున్నాను. ఇది అది కాదట. జట్లను మనం తయారుచేసి పెడితే ఆట అదే ఆడుకుంటుందట, మనం గట్టు మీద ముసలమ్మల్లా కూర్చుని చూడడమే. ఆ ఏడు కప్పుకు ఆడిన ఎస్టేట్‌లన్నిటినీ అందులో పెట్టి, ఆ పోటీ మొత్తం మొదటి నుంచి మళ్ళీ ఆడిస్తానన్నాడు. పోయినేడు ప్రతి ఆదివారం మా ఇంట్లో ఇదే పని. వాడి దగ్గర జట్టు ఫోటో ఒకటి ఉంది. దాన్ని బల్ల మీద పెట్టుకుని, ఒక్కొక్కరి పరుగెంత, దమ్మెంత, తల ఆట ఎంత అని నన్ను అడుగుతాడు. దేనికైనా ఇరవైకి ఇన్ని అని వెయ్యాలి. బడిపిల్లలకు మార్కులు వెయ్యడం నాకు అలవాటే గానీ పోయినవాళ్ళకు వెయ్యడం అదే మొదలు. మా ఆయన ఎత్తు అడిగితే నేను నాలుగంగుళాలు కలిపి చెప్పాను, ఆయన అడగకపోయినా.

బావ వంతు వచ్చింది. ఎడమకాలు, పరుగు, గురి, అన్నీ రాశాం. తరవాత మావాడు ఆగిపోయాడు. ఆ ఆటలో ఇంకొక గడి ఉంది. ఆటగాడు జట్టును అంటిపెట్టుకుని ఉంటాడా, వేరేవాళ్ళు పిలిస్తే వెళ్ళిపోతాడా అన్నది కూడా అంకె వెయ్యాలట. వాడు నా వైపు చూశాడు, నేను ఫోటో వైపు చూశాను. పుట్టక ముందే వదిలిపోయిన తండ్రికి కొడుకు ఎంత వెయ్యాలి? వంటింట్లో గారెలకు పప్పు రుబ్బుతున్న అక్కకు ఇవతలి మాటలు వినపడుతున్నాయని మేమనుకోలేదు. చెయ్యి ఆపకుండానే లోపల్నుంచి అంది, "ఎంత దాకా ఎయ్యొచ్చో అంతా ఎయ్యి." వాడు ఇరవై వేశాడు.

ఆదివారం ఆదివారం మా ఎస్టేట్ గెలుస్తూ వచ్చింది. టీవీకి తీగ తగిలించి పెద్దగా చూపించేవాడు. ఎర్ర చొక్కాలు, పైన పేర్లు. చిన్న చిన్న మనుషులు, ముఖాలు సరిగా ఉండవు, కానీ పేరు చూడగానే మనసు ముఖాన్ని తెచ్చి అతికిస్తుంది. మొదటిసారి మా ఆయన పేరున్న బొమ్మ పక్కకు దూకి బంతి పట్టుకున్నప్పుడు నా చేతిలో టీ గ్లాసు ఒలికిపోయింది. భయం అంటే భయమే. కాల్చి బూడిద సముద్రంలో కలిపిన మనిషి నా హాల్లో లేచి దులుపుకుని నిలబడ్డాడు. అక్క మాత్రం కుర్చీ టీవీకి దగ్గరగా జరుపుకుని బావ వెనక నుంచి కనిపించినప్పుడల్లా మెడ వైపు చూసేది. ఈ ఎరుపు కారదు, ఏమి రంగోనని ఒకసారి అంది.

చివరి ఆటను దీపావళి ముందురోజుకు పెట్టుకున్నాం, ఎలాగూ అందరం మా ఇంట్లోనే ఉంటాం కనక. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఎస్టేట్ చెదిరిపోయాక ఆ జట్టువాళ్ళలో ఎవరికి ఎవరు పెడుతున్నారో, అసలు పెడుతున్నారో లేదో. ఇన్నాళ్ళుగా వాళ్ళను హాల్లో పరిగెత్తిస్తున్నాం, ఒక ముద్ద పెట్టకపోతే ఎలా? జట్టుకంతటికీ ఆకులు వేద్దాం, కోసి తీసుకురా అని మావాడికి చెప్పాను. జట్టంటే వాడికి ఎప్పుడూ ఒకటే లెక్క. పెరట్లోకి వెళ్ళి, మా అమ్మానాన్నల ఆకులు కాక, పదకొండు ఆకులు కోసుకొచ్చి, కడిగి, గోడ వెంబడి వరసగా పరిచాడు. వాడి భార్య వెనకే అన్నం వడ్డించుకుంటూ వెళ్ళింది. నేను కూర గిన్నెతో ఇవతలికి వచ్చేసరికి అన్ని ఆకుల్లో అన్నం ఉంది. నేను లెక్కపెట్టాను. నాతోపాటు అక్క కూడా లెక్కపెడుతోంది.

చివరి ఆకు దగ్గర నిలబడి, "ఇదెవులిది?" అని అడిగింది. మావాడికి అప్పుడు తెలిసింది ఏమి చేశాడో. పుట్టి యాభై ఏళ్ళకు తల్లి బొట్టును తన చేత్తో తుడిచినట్టు నిలబడిపోయాడు. ఆ ఆకు తీసేయ్‌మని అక్క అంటే తీసేసేవాళ్ళం. అనలేదు. కర్పూరం నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టి, "ముందు ఆట ఆడించు. తరవాత సూద్దాం" అని వెళ్ళి కుర్చీలో కూర్చుంది. అన్నం మీద ఆవిరి లేస్తూనే ఉంది, మేము వాటికి వీపు పెట్టి టీవీ ముందు కూర్చున్నాం.

ఆమె దేనికోసం చూస్తోందో అందరికీ తెలుసు. ఆ పెనాల్టీ రావాలి. బావ తన్నాలి. లోపల పడుతుందో, మళ్ళీ కర్రకే తగులుతుందో. నేను మొక్కుకున్నాను కూడా, ఏమని మొక్కుకోవాలో తెలియకుండానే. కానీ పెనాల్టీ రాలేదు. యంత్రానికి మా కథ తెలియదు కదా. ఎవరో వెనకవరస ఆటగాడు, ఇన్నేళ్ళుగా మేమెవరం తలుచుకోని ఒక మనిషి, తలతో గోలు కొట్టాడు. బావ అటూ ఇటూ పరిగెత్తాడు, ఒకసారి పడ్డాడు, లేచాడు. ఆట అయిపోయింది. మేము గెలిచాం. ఎర్ర చొక్కాలన్నీ ఒకచోట గుమిగూడి ఎగిరాయి. హాల్లో మాత్రం ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

అక్క తెర నల్లబడేదాకా చూసి కొడుకును అడిగింది. "గెలిసినారు గదా. ఆట అయిపోనాక ఈలు ఎక్కడికెల్తారు?"

"ఎక్కడికీ ఎల్లరమ్మా. ఆట అయిపోతే అంతే లా."

గెలిచినా మనిషి ఇంటికి రాలేదన్నది ఆమెకు ఆ క్షణంలోనే తట్టిందో, నేనే అలా ఊహించుకున్నానో చెప్పలేను. లేచి వెళ్ళి ఆ పదకొండో ఆకును అన్నంతో సహా రెండు చేతులా ఎత్తి, వరసలోంచి తీసి, ఎదుటి గోడ పక్కన పెట్టింది. కర్పూరం మిగిలిన ఆకులకే చూపించాం. కాకులకు వెయ్యడానికి నేను వెళ్తుంటే, "ఈ ఆకు కాకులకెయ్యకు. నాను తింటాను" అని, ఆ ఆకు ముందు కూర్చుని చల్లారిన అన్నం మొత్తం తింది. మా చిన్నతనంలో మొగుడు తిన్న ఆకులోనే పెళ్ళాం తినేది, మీకు గుర్తుండే ఉంటుంది. నేను ఇక ఆ తగువు ఎత్తకూడదని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

కప్పు అయిపోయినా మావాడు ఆట ఆపలేదు. ఆ యంత్రంలో ఏళ్ళు వారాల్లో గడిచిపోతాయి. ఒక పోటీ అయితే ఇంకొక పోటీ, ఆటగాళ్ళకు వయసు పెరుగుతుంది, వేరే ఊళ్ళ జట్లు మంచివాళ్ళను పిలుస్తాయి. బావను చాలామంది పిలిచారట. వాడు ప్రతిసారీ తల్లికి ఫోన్ చేసి చెప్పేవాడు, "కౌలాలంపూర్ వోలు అడిగినారమ్మా, నాన్న ఎల్లనన్నాడు." అక్క ఆ రోజంతా సంతోషంగా ఉండేది. ఇరవై వేసినందుకు యంత్రం మాట నిలబెట్టుకుంటోంది. మిగిలినవాళ్ళు మాత్రం ఒక్కొక్కరే ఆట మానేశారు. మా ఆయన మానేసిన వారం మావాడు నాకు నవ్వుతూనే చెప్పాడు, నేనూ నవ్వుతూనే విన్నాను, ఆ పూట అన్నం సయించలేదు. ఒకసారి పోయిన మనిషి రెండోసారి పోతే ఎవరితో చెప్పుకుంటాం?

అలా చివరికి బావ ఒక్కడే మిగిలాడు. అందరిలోకీ చిన్నవాడు. అతనికి కూడా కాళ్ళు బరువెక్కి, ఈ పోటీతో ఆట చాలిస్తానని తెర మీద రాసి వచ్చిందట. ఆపేద్దామా, యంత్రాన్ని అక్కడే ఉంచేసి ఇక తెరవకుండా ఉందామా అన్నది వాడి ఆలోచన. తెరవకపోతే వయసు పెరగదు. అందుకే ఆ ఫోను. నాకు కోపం వచ్చింది. యాభై ఏళ్ళుగా ఆమె ఆపి ఉంచింది చాలదా, నువ్వు కూడా ఆపుతావా అనుకున్నాను. "మీ అమ్మకే సెప్పు లా. ఆమె మొగుడు గదా" అని పెట్టేశాను.

ఈ దీపావళి ముందురోజు వాడు కంప్యూటరు తెచ్చాడు. తెర పెట్టి, తలొంచుకుని, సంగతంతా తల్లికి చెప్పాడు. ఇప్పుడు నొక్కితే నాన్న ఆట మానేస్తాడు, నొక్కకపోతే ఇలాగే ఉంటాడు, నీ ఇష్టం అన్నాడు. అక్క వత్తులు చేసుకుంటోంది. చేతులు కొంగుకు తుడుచుకుని తెర మీది పేరును చాలాసేపు చూసింది.

"నొక్కు. ఆయనకీ అలుపొచ్చినాది. ఆట మానేత్తే మరింక ఇంటికే గదా వత్తాడు."

నొక్కాడు. పేరు పోయింది. పెద్ద చప్పుడేమీ లేదు, ఒక గీత మీద ఇంకొక గీత వచ్చింది, అంతే. అక్క పెరట్లోకి వెళ్ళి ఆకులు తనే కోసింది. పదకొండు. గోడ వెంబడి తనే పరిచింది. బావ ఆకును మా ఆయన ఆకు పక్కన వేసి, వేపుడు చేప, గారెలు, అతనికి ఇష్టమని ఎండు రొయ్యల కూర వడ్డించింది. ఒక కొత్త తెల్ల చొక్కా మడత విప్పకుండా ఆ ఆకు తలవైపు పెట్టింది. ఎప్పుడు కొన్నదో మాకు తెలియదు. కర్పూరం అన్నిటికీ చూపించాం. తరవాత ఆ ఆకు కూడా తీసుకువెళ్ళి పెరటి గోడమీద వేసి, కాకులు వచ్చేదాకా అక్కడే నిలబడింది. ఆమె ఏడవలేదు. నేనే ఏడ్చాను. బొట్టు తియ్యలేదు, తియ్యమని నేనూ అనలేదు, ఎవరైనా అంటే ఊరుకోను కూడా.

అన్నాలయ్యాక మావాడు టీవీ ఆపడం మరిచిపోయాడు. తెర మీద ఎర్ర చొక్కాలు, మా ఎస్టేట్ పేరు, వేరే పోటీలో ఆట నడుస్తోంది. ఖాళీ అయిన చోట్లలోకి మనుషులను యంత్రమే పుట్టిస్తుందట, పేర్లు కూడా అదే పెడుతుందట. మా పేరు మోసుకుంటూ, మేమెరగనివాళ్ళు పదకొండుమంది. ఆ బోర్డు కింద నుంచి వెళ్ళే మోటారు సైకిళ్ళవాళ్ళు గుర్తొచ్చి నాకు ఒక్కసారి ఒంటరిగా అనిపించింది. పూర్వం ఆట అయిపోతే మనుషులు ఆ ఎర్రమట్టి దారమ్మట ఇంటికి నడిచి వచ్చేవారు, అడుగుల చప్పుడును బట్టే గెలిచారో ఓడారో లోపలున్న ఆడవాళ్ళకు తెలిసిపోయేది. ఇప్పుడు ఆ దారీ లేదు, ఆ చప్పుడు విని తలుపు తీసే ఇళ్ళూ లేవు.

అక్క కళ్ళు చికిలించి, బావ ఉండే చోట ఆడుతున్న బొమ్మను చూపించి ఎవడని అడిగింది. ఎవడూ కాదమ్మా, యంత్రం పుట్టించిన కుర్రాడు అన్నాడు మావాడు. ఆమె ఇంకాసేపు అటే చూసింది.

"పాపం, ఆడికోసం కూడా ఎవులో ఒకలు ఇంటికాడ ఎదురు సూత్తా ఉంటారు."